ఉప్పు - తగినంత

తెలుగు వంటల పుస్తకం ఏది తెరిచినా ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. కందిపప్పు ఒక గ్లాసు, చింతపండు నిమ్మకాయంత, ఎండుమిరపకాయలు ఆరు, ఇంగువ చిటికెడు అంటూ అన్నిటికీ ఏదో ఒక కొలత చెప్పుకొచ్చిన రచయిత్రి, ఆ పట్టికలో చివరి వస్తువు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసి "ఉప్పు - తగినంత" అని ఊరుకుంటుంది. ఎవరికి తగినంత? దేనికి తగినంత? అది తెలిసినవాడు పుస్తకం ఎందుకు తెరుస్తాడు? ఈ మాటను నేను చాలాకాలం వెక్కిరించాను. ఆ తరువాత కొంతకాలం నెత్తిన పెట్టుకున్నాను. ఇంట్లో రొట్టె కాల్చడం మొదలుపెట్టి మూడేళ్ళయిన ఈనాడు, ఆ రెండూ తొందరపాటులే అనిపిస్తున్నది. ఆ సంగతి కాస్త వివరంగా మనవి చేసుకుందామని ఈ టపా.

ముందుగా ఒక వివరణ. రొట్టె అంటే ఇక్కడ జొన్నరొట్టె కాదు, చపాతీ కాదు, దిబ్బరొట్టె అసలే కాదు. ఈస్టు వేసి పొంగించి, ఓవెనులో కాల్చే రొట్టె. మనం బ్రెడ్డు అనీ, హైదరాబాదులో డబల్ రొట్టె అనీ పిలిచేది. బ్రెడ్డు అన్న మాట మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే రొట్టె అని రాస్తే ఆకలి వేస్తుంది, బ్రెడ్డు అని రాస్తే జ్వరం గుర్తుకు వస్తుంది.

జ్వరం మాట ఊరికే అనలేదు. మా తరంలో చాలామందికి బ్రెడ్డు పరిచయమైంది పథ్యంగానే. లంఖణం చేసి లేచిన పిల్లవాడికి వేడిపాలల్లో ముంచిన రెండు ముక్కలు పెట్టేవారు. అందులో కారం లేదు, పులుపు లేదు, నూనె కనపడదు. కాబట్టి ఉప్పు కూడా లేదని మా ఇంట్లో ఎవరూ పైకి చెప్పని ఒక సిద్ధాంతం ఉండేది. నాన్నగారికి డెబ్భై దాటాక రక్తపోటు పట్టుకున్నది. వైద్యుడు మందులు రాసి, ఉప్పు తగ్గించమన్నాడు. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. 5 గ్రాములంటే నిండుగా ఒక టీ చెంచా కూడా కాదు. అందులోనే పప్పూ కూరా చారూ పచ్చడీ మజ్జిగా అన్నీ సర్దుకోవాలి. నాన్నగారు క్రమశిక్షణ గల మనిషి. రాత్రి భోజనం మానేసి, నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఒక గ్లాసు పాలు అని తనకు తానే నియమం పెట్టుకున్నారు. "చప్పిడి తిండి నాకేం కొత్త కాదురా" అన్నారు గర్వంగా.

నేను ఒకనాడు ఆ బ్రెడ్డు పొట్లం తిప్పి చూశాను. 100 గ్రాములకు సోడియం 450 మిల్లీగ్రాములు అని ఉన్నది. ఈ అంకెను ఉప్పులోకి మార్చుకోవాలంటే రెండున్నరతో హెచ్చవేయాలి, ఎందుకంటే ఉప్పులో సోడియం సుమారు 40 శాతం మాత్రమే. అంటే 100 గ్రాముల బ్రెడ్డులో ఒక గ్రాము పైచిలుకు ఉప్పు. దానితోపాటు చక్కెర కూడా ఉండటంవల్ల నాలుకకు తీపే తగులుతుంది, ఉప్పు తెర వెనుక ఉండిపోతుంది. నాన్నగారి చప్పిడి ఫలహారంలో రోజు కోటాలో నాలుగోవంతు దాకా ఉప్పు వెళ్ళిపోతున్నదన్నమాట. ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేదు. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, "ఏదీ ఉప్పు?" అన్నారు.

ఆ విధంగా మా ఇంట్లో రొట్టె కాల్చడం మొదలయింది. అమెరికాలో ఉన్న రోజుల్లో సరదాకి నేర్చుకున్న విద్య, ఇక్కడ అక్కరకొచ్చింది.

రొట్టెలవాళ్ళకు ఒక చక్కని లెక్క ఉన్నది. పిండి ఎంతైనా సరే దాన్ని నూరు అనుకుంటారు. మిగతావన్నీ ఆ నూరులో ఎంత అని చెబుతారు. నీళ్ళు 68, ఈస్టు ఒకటికి లోపు, ఉప్పు 2. అరకిలో పిండికైతే ఉప్పు 10 గ్రాములు. ప్రపంచంలో చాలా వంటపుస్తకాలు ఈ రెండు శాతానికి అటూ ఇటూగానే తిరుగుతుంటాయి. మన "తగినంత"ను చూసి విసిగిపోయిన నాకు ఈ అంకె ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. ఎట్టకేలకు ఉప్పును ఒక మనిషి సూటిగా చెప్పాడు కదా అనిపించింది! 300 గ్రాముల గోధుమపిండి, 200 గ్రాముల మైదా, 340 గ్రాముల నీళ్ళు, 3 గ్రాముల ఈస్టు, ఒక చెంచా నూనె, 10 గ్రాముల ఉప్పు. రొట్టె బాగా వచ్చింది. నాన్నగారు మెచ్చుకున్నారు. అమ్మ పక్కింటివాళ్ళకు పంపింది. నేను రెండు వారాలపాటు గాలిలో తేలాను.

అప్పుడు కూర్చుని లెక్క కట్టాను. కాలిన తరువాత నీరు ఆవిరై రొట్టె సుమారు 750 గ్రాములు తూగుతున్నది. అందులో ఉప్పు 10 గ్రాములు. అంటే 100 గ్రాములకు 1.3 గ్రాములు, సోడియంలో చెబితే 530 మిల్లీగ్రాములు. బజారు బ్రెడ్డులో 450. పైగా నేను కోసే ముక్క బజారు ముక్క కన్నా మందం. నాన్నగారి ఆరోగ్యం కోసమని నడుం కట్టి, ఆయనకు అంతకుముందు కన్నా ఎక్కువ ఉప్పు తినిపిస్తున్నాను, అదీ స్వహస్తాలతో. ఇంట్లో చేసినది ఏదైనా బజారుదాని కన్నా మంచిదే అన్న నమ్మకం మనలో చాలామందికి ఉన్నది. నాకూ ఉండేది. ఆ లెక్క కాగితం ఇంకా దాచుకున్నాను.

మరునాడే ఉప్పును సగానికి సగం తెగ్గోశాను, 5 గ్రాములు. ఇక్కడే రొట్టె నాకు ఇంకో పాఠం చెప్పింది. కూరలో ఉప్పు రుచి కోసమే. తక్కువైతే పైన చల్లుకోవచ్చు, ఎక్కువైతే ఓ బంగాళాదుంప ముక్కో, కాసిని నీళ్ళో పోసి తంటాలు పడవచ్చు. రొట్టెలో ఉప్పు రుచితోపాటు చాకిరీ కూడా చేస్తుంది. పిండిలోని మాంసకృత్తుల జాలాన్ని, అంటే గ్లూటెన్‌ను, అది బిగిస్తుంది. ఈస్టును అదుపులో పెడుతుంది. ఉప్పు తగ్గేసరికి నా పిండిముద్ద చేతికి జిగురుగా అంటుకుని, జారిపోతూ, గంటలో పొంగవలసినది నలభై నిమిషాల్లోనే గిన్నె అంచులు దాటింది. ఓవెనులోకి పెట్టేసరికి నడుము విరిగినట్టు కూలబడింది. పైపొర కూడా పాలిపోయి వచ్చింది, ఎందుకంటే రంగు రావడానికి మిగలవలసిన చక్కెరలను ఈస్టు ముందే ఆరగించేసింది. అమ్మ ఒక ముక్క కొరికి, "గడ్డి మేసినట్టుందిరా" అన్నది. నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అమ్మ అనడం కన్నా కష్టం.

కూర వండేటప్పుడు "ఉప్పు చూడటం" అని మనకొక క్రియ ఉన్నది. నాలుకతో చేసే పనికి చూడటం అని పేరు పెట్టుకున్న భాష మనది. రొట్టెకు ఆ సౌకర్యం లేదు. పచ్చిపిండి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు వేశామో లేదో తెలుస్తుంది తప్ప ఎంత వేశామో పోల్చుకోలేము (పైగా పచ్చిపిండి తినడం అంత క్షేమం కాదు, అందులోనూ సూక్ష్మక్రిములు ఉండవచ్చు). కాలిన తరువాత తెలుసుకుని లాభం లేదు. నిర్ణయమంతా ముందే జరిగిపోవాలి, సవరణకు తావు లేదు. అందుకే రొట్టె విషయంలో ఉరామరికగా వేసే చెయ్యిని నేను ఒప్పుకోను. అక్కడ కాటా ఉండి తీరాలి.

చెంచా చాలదా అని అడుగుతారేమో. చాలదు. మెత్తని అయొడైజ్డు ఉప్పు ఒక టీ చెంచాకు సుమారు 6 గ్రాములు తూగుతుంది. అదే చెంచాతో రాళ్ళ ఉప్పు తీసుకుంటే కళ్ళ మధ్య ఖాళీవల్ల అంతకన్నా తక్కువే పడుతుంది. అమెరికా వంటగదుల్లో వాడే పెళుసు ఉప్పు రకాల్లో ఒకటి చెంచాకు 3 గ్రాములు కూడా తూగదు. అమెరికా పుస్తకంలో "రెండు చెంచాల ఉప్పు" అని చదివి మన మెత్తని ఉప్పుతో రెండు చెంచాలు వేసినవాడు రెట్టింపు వేసినట్టే. ఇది నేను చేసిన పొరపాటే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. వానాకాలంలో రాళ్ళ ఉప్పు చెమ్మ పట్టి ఉంటుంది గనుక కాటా కూడా కొంచెం అబద్ధమాడుతుంది. దానికి మందు, ఉప్పును బాండీలో వేయించి చల్లార్చి తూచడం. ఇహ సైంధవ లవణమనీ, గులాబీరంగు ఉప్పనీ పదింతల ధరకు కొనుక్కుని, రక్తపోటుకు మంచిదని చెప్పుకునే మిత్రులకు ఒక మాట: అదీ సోడియం క్లోరైడే, నూటికి తొంభై పైచిలుకు. రంగుకు గుండె కరగదు. పొటాషియం కలిపిన ఉప్పులున్నాయి, అవి నిజంగా వేరు. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకూ, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవాళ్ళకూ వాటివల్ల ప్రమాదముంది. వైద్యుణ్ణి అడగకుండా వాటి జోలికి పోవద్దు. మేము పోలేదు.

సగానికి తగ్గించి భంగపడ్డాక నాకు దారి చూపింది మా ఇడ్లీ పిండి. ఎండాకాలంలో రుబ్బిన పిండి తెల్లారేసరికి పులిసి గిన్నె దాటకుండా అమ్మ రాత్రే ఉప్పు కలిపేస్తుంది. చలికాలంలో మాత్రం పొద్దున పొంగిన తరువాతే వేస్తుంది. ఎందుకని ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. రొట్టె పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన సంగతి ఇదే: ఉప్పు పులియబెట్టడానికి కళ్ళెం. కళ్ళెం వదులు చేస్తే గుర్రాన్ని ఇంకోరకంగా పట్టుకోవాలి. అందుచేత ఈస్టును 3 గ్రాముల నుంచి 2కు తగ్గించాను. మే నెలలో ఫ్రిజ్‌లోని చల్లని నీళ్ళు పోశాను. మరపట్టించిన గోధుమపిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, త్వరగా పులుస్తుంది కూడా, కాబట్టి గడియారం చూడటం మానేసి పిండిని చూడటం నేర్చుకున్నాను. ముద్ద బిగువు కోసం ఫ్రాన్సుకు చెందిన రొట్టెల ఆచార్యుడు రేమండ్ కాల్వెల్ చెప్పిన ఉపాయం పనికొచ్చింది. పిండీ నీళ్ళూ మాత్రమే కలిపి, ఉప్పు వేయకుండా అరగంట వదిలేస్తే గ్లూటెన్ దానంతట అదే అల్లుకుంటుంది. ఆ తరువాత ఉప్పు వేసి పిసుక్కోవాలి.

ఈ ఉపాయంలో ఒక చిక్కున్నది. అరగంట తరువాత ఉప్పు వేయాలన్న సంగతి గుర్తుండాలి.

ఒక ఆదివారం నాకు గుర్తులేదు. ఫోను మోగింది, ఎవరో చుట్టాలు, మాటల్లో పడ్డాను. రొట్టె కాలి, చల్లారి, కోసి, నోట్లో పెట్టుకునేదాకా తెలియలేదు. ఉప్పు పూర్తిగా లేని రొట్టె రుచిని వర్ణించడం కష్టం. అది చప్పదనం కూడా కాదు. ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. పారేయడానికి మనసొప్పక, అప్పటికే కంచంలో ఉన్న ఆవకాయ ఊట కాస్త రాసుకుని తిన్నాను. అద్భుతంగా ఉన్నది. అతిశయోక్తి కాదు. ఉప్పూ కారం అంతా ఆవకాయే మోసింది, రొట్టె వెనక నిలబడి గోధుమ రుచి మాత్రం ఇచ్చింది.

ఇటలీలో టస్కనీ ప్రాంతంవాళ్ళు శతాబ్దాలుగా ఇట్లాగే తింటున్నారు. వాళ్ళ రొట్టెలో ఉప్పు వేయరు. దానికి కారణంగా పాతకాలపు ఉప్పు పన్నుల గురించీ, పొరుగు నగరంతో తగాదాల గురించీ రకరకాల కథలు చెబుతారు. ఏది నిజమైనా, పక్కన తినే ఎండుమాంసమూ జున్నూ ఉప్పుగా ఉంటాయి గనుక వాళ్ళకు ఆ లోటు తెలియదు. 2016లో ఆ ఉప్పులేని రొట్టెకు యూరోపియన్ యూనియన్ రక్షిత నామం కూడా ఇచ్చింది. ఫ్లారెన్సు నుంచి వెలివేయబడ్డ డాంటే తన 'పారడీసో'లో ప్రవాసి వేదన చెప్పడానికి పరాయివాళ్ళ రొట్టెలోని ఉప్పునే ప్రస్తావించాడు. మొదటిసారి దాన్ని చదివినప్పుడు కన్నీటి ఉప్పు అనుకున్నాను. ఉప్పులేని రొట్టె తిని పెరిగిన ఊరివాడికి బయటి రొట్టె నిజంగానే ఉప్పగా తగిలి ఉంటుందని తెలిశాక, ఆ మాట నాకు మరింత దగ్గరయింది. అమెరికాలో మొదటి నెలల్లో అన్నీ తీపిగా తగిలి, కంచం ముందు కూర్చుని బిక్కమొహం వేసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

అంతదూరం ఎందుకు? మనం అన్నంలో ఉప్పు వేస్తామా? తెలుగువాడి కంచంలో నడిమధ్యన ఉండే అన్నంలో ఒక్క ఉప్పురవ్వ ఉండదు. భారమంతా చుట్టూ ఉన్న పప్పూ పులుసూ పచ్చళ్ళదే. పుల్కా పిండిలోనూ చాలామంది వేయరు. కాబట్టి రొట్టెలో ఎంత ఉప్పు అన్న ప్రశ్నను రొట్టె దగ్గర ఆగి అడిగితే జవాబు దొరకదు. దేనితో తింటారు అన్నది ముందు తేలాలి. పాలతో తినే రొట్టెకు ఒక ఉప్పు, పప్పులో ముంచుకునే రొట్టెకు ఇంకొకటి, గోంగూర పచ్చడితో తినేదానికి మరొకటి. నేను నెత్తిన పెట్టుకున్న ఆ రెండు శాతం వేదవాక్యమేమీ కాదు. ఎవరో, ఎక్కడో, ఏ వెన్నతోనో తినడానికి తేల్చుకున్న "తగినంత" అది. ఆ మాటకు వాళ్ళు అంకె తగిలించారు, మనం తగిలించలేదు. తేడా అంతే.

సరే, అంకె తగిలించడంలోని సుఖం ఏమిటంటే దాన్ని తగ్గించవచ్చు. "తగినంత"ను ఎవరు తగ్గించగలరు? 10 నుంచి 9కి దిగాను, రెండు వారాలు ఆగాను. 9 నుంచి ఎనిమిదిన్నర, 8, ఏడున్నర. ఒక్కొక్క మెట్టు దగ్గరా రెండు మూడు వారాలు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ కనిపెట్టలేదు. ఉప్పు తక్కువ తినేవాళ్ళకు కొన్ని వారాలు, నెలలు గడిచేసరికి నాలుక దానికే అలవాటుపడి, పాత ఉప్పు ఎక్కువనిపిస్తుందని 1980లలోనే పరిశోధకులు తేల్చారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2013లో చట్టమే చేసి, బజారు రొట్టెలో సోడియం 100 గ్రాములకు 2016 నాటికి 400 మిల్లీగ్రాములు, 2019 నాటికి 380 దాటకూడదని మెట్లు కట్టింది. నేను మా వంటింటి ప్రభుత్వాన్ని ఆ పద్ధతిలోనే నడిపాను. ఐదు నెలల్లో 7 గ్రాములకు వచ్చి ఆగాను. 100 గ్రాముల రొట్టెకు సోడియం 370 చిల్లర. అంతకు దిగితే నా చేతిలో రొట్టె రొట్టెలా రావడం లేదు.

ఇంత చేసినా నాన్నగారి రక్తపోటు అంకెలు దిగలేదు. వైద్యుడు మళ్ళీ అదే అడిగాడు, ఉప్పు తగ్గించారా అని. తగ్గించామన్నాము. ఇంటికి వచ్చాక, నిజంగా తగ్గించామా అని నన్ను నేను అడుగుకున్నాను. అప్పటికి కొంతకాలంగా నాకు ఒక అనుమానం ఉన్నది. పైకి అనడానికి నోరు రాలేదు. అమ్మ కూరల్లో ఉప్పు పెరుగుతున్నది.

మా బంధువర్గంలో అమ్మ చేతి ఉప్పుకు పేరు. వందమంది పెళ్ళివంటకైనా గుప్పిటతో వేసి మళ్ళీ చూసుకోనక్కరలేదని చెప్పుకునేవారు. వయసు మీదపడితే నాలుక ఉప్పును పసిగట్టే శక్తి తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన శాస్త్రమే. తెలియడం వేరు, డెబ్భై ఏళ్ళ తల్లితో "నీ నాలుక మందగించింది" అనడం వేరు. నాన్నగారు ఆ కూరలు మాట్లాడకుండా తింటున్నారు. యాభై ఏళ్ళుగా ఎన్నడూ పేరు పెట్టని చేతికి ఇప్పుడు పేరు పెట్టడం ఆయనవల్ల కాదు. నాకు మాత్రం ఎక్కడిది ధైర్యం?

ఒకరోజు రొట్టె కోసం కాటా బల్లమీద పెట్టి ఉండగా, అమ్మ అరకిలో దొండకాయలు తరిగి పొయ్యి మీద వేసింది. "ఉప్పు వేసేముందు ఒక్కసారి ఇందులో పొయ్యమ్మా, నీ గుప్పిట ఎంతో చూద్దాం" అన్నాను, ఆటగా అన్నట్టు. నవ్వుతూ పోసింది. 6 గ్రాములు. వెనక్కి తీసి మళ్ళీ పొయ్యమన్నాను. 6. మూడోసారి 7. "ఏం పరీక్షరా ఇది" అని విసుక్కున్నది కానీ, ఆమె ముఖంలో కూడా ఉత్సాహం కనిపించింది. నేను నిర్ఘాంతపోయాను. అరకిలో కూరకు 6 గ్రాములు మితమైన ఉప్పే. చెయ్యి పెళ్ళివంటలనాటి చెయ్యే, ఏమీ మారలేదు. అయితే పెరుగుతున్నదెక్కడ? నిలబడి చూస్తూ ఉన్నాను. కూర మగ్గాక అమ్మ గరిటెతో ఒక ముక్క తీసి, ఊది, నోట్లో వేసుకుని, ఒక క్షణం ఆలోచించి, ఇంకొంచెం ఉప్పు చల్లింది. ఆ ఇంకొంచెం సుమారు 3 గ్రాములు ఉంటుంది.

అప్పటిదాకా నా వాదం ఏమిటంటే, చేతి కొలత నమ్మదగింది కాదు, కాటాయే శరణ్యం అని. కాటా ఎక్కించేసరికి చెయ్యి నెగ్గింది. తప్పుతున్నది చూపు, అదే, ఉప్పు చూసే చూపు. యాభై ఏళ్ళు ఆ చేతికి అదుపుగా నిలబడిన నాలుకే ఇప్పుడు దాన్ని పక్కదారి పట్టిస్తున్నది. అమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కొంచెం తిప్పి. "నీ చెయ్యి తప్పడం లేదమ్మా, చూశావుగా, మూడుసార్లూ ఒకటే. మొదట వేసినదానితో ఆగిపో. మళ్ళీ చూడకు." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. దొండకాయలు కలుపుతూ, "చూడకుండా ఎట్లా వండుతార్రా" అని మాత్రం అన్నది.

అమ్మ చేతి ఉప్పు గురించి మనం చాలా రాసుకున్నాం. నేనూ రాశాను. ఆ రాతల్లో ఇప్పుడు నాకు నచ్చనిది ఒకటే: ఆ చేతికి వయసు రాదనుకోవడం. ఆమె లెక్కను లెక్కగా ఒప్పుకోకుండా మహిమ అన్నాము. మహిమను కాగితం మీద ఎవరు రాస్తారు? ఏనాడో ఆమె గుప్పిటను తూచి రాసి పెట్టుకుని ఉంటే, ఇంకొంచెం ఎప్పుడు మొదలయిందో మాకు తెలిసేది. మీ ఇళ్ళలో ఇంకా గుప్పిటతో ఉప్పు వేసేవాళ్ళుంటే దయచేసి ఒకసారి కాటా ముందుపెట్టి తూచండి. వాళ్ళను దిద్దడానికి కాదు. ఆ చెయ్యి ఎంత ఖచ్చితమైనదో వాళ్ళకే ఒకసారి చూపించడానికి. "తగినంత" పక్కన కుండలీకరణాల్లో ఒక అంకె రాయండి, చాలు. అరకిలో దొండకాయలకు 6. అరకిలో రొట్టెపిండికి 7, పాలతో తినేట్టయితే. ఆవకాయతో తినేట్టయితే సున్నా.

అమ్మ ఇప్పుడు కూరల్లో మళ్ళీ చూడటం లేదు. చూసినా, నేను వంటింట్లో లేనప్పుడే చూస్తున్నదేమో తెలియదు. నాన్నగారు పాలల్లో నాలుగు ముక్కలు ముంచుకుని తింటున్నారు. ఆవకాయ ఆయనకు వారానికి రెండుసార్లు, ముక్క లేకుండా ఊట మాత్రం. అది మాత్రం తగ్గించనివ్వనని అమ్మ పట్టుబట్టింది. ఉప్పు తగ్గితే జాడీ అంతా బూజు పడుతుంది, అందులో ఆమె మాటే చెల్లుబాటు.

ఈ ఏడాది ఆవకాయ పెట్టిన రోజున కాటా తెమ్మని ఆమే అడిగింది. ఆవపిండీ కారం ఎప్పటిలా గిన్నెతో కొలిచి, ఉప్పు మాత్రం తూచి వేసి, ఆ అంకెను గోడమీది క్యాలెండరు వెనక రాయించింది. మూడోనాడు జాడీ తెరిచి తిరగకలిపింది. ఎన్నేళ్ళుగానో ఆ రోజున ఉప్పు చూసి, చాలకపోతే మరికాస్త వేసేది ఆమే. ఈసారి వేలి చివర కాస్త తీసి నావైపు చాపింది.

"ఉప్పు చూడరా" అన్నది.

చూశాను. సరిపోయిందని చెప్పాను. నిజంగానే సరిపోయింది.